అలకపాన్పు ఎక్కిన ముళ్ళ అల్లుడు

"కుక్కలా మొరగదు. పిల్లిలా సోఫా గీకదు. పొద్దున్నే వీధుల్లో తిప్పుకు రానక్కర్లేదు. ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళకు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు ఇంతకన్నా సులువైన పెంపుడు జంతువు లేదు." అమెరికాలో హెడ్జ్‌హాగ్‌లనే ముళ్ళ జంతువులను అమ్మేవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్న పాట ఇది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కుక్కపిల్ల కోసం మారాం చేసే మన పిల్లల చెవిన ఈ పాట పడితే, వాళ్ళకన్నా ముందు అమ్మానాన్నలు కరిగిపోతారు. కుక్కంటే పన్నెండు, పదిహేనేళ్ళ బాధ్యత. ఇదైతే అరచేతిలో ఇముడుతుంది, పైగా మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ళే బతుకుతుంది. ఈ రెండో లాభం పిల్లల ముందు ఎవరూ అనరు గానీ, లెక్కలో మొదట వేసుకునేది అదే.

అమ్మేవాళ్ళ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. మొరగదు, నిజమే. చలికి చచ్చిపోతున్నా మొరగదు.

ముందు దీని వంశవృక్షం చూద్దాం. అల్లుణ్ణి తెచ్చుకునేటప్పుడు ఆమాత్రం విచారణ మనవాళ్ళకు అలవాటే. మన ఏదుపందికీ దీనికీ ముళ్ళు తప్ప చుట్టరికం లేదు. ఇది ఆఫ్రికా గడ్డిమైదానాల జీవి. మహా అయితే అరకేజీ తూగుతుంది, వీపంతా వేల ముళ్ళు. 1990ల మొదట్లో వీటిని వేల సంఖ్యలో అమెరికాకు తెచ్చారు. తర్వాత గాలికుంటు వ్యాధిని మోసుకొస్తాయేమోనన్న భయంతో అక్కడి ప్రభుత్వం ఆఫ్రికా నుంచి రాకను ఆపేసింది. ఇక అప్పటికే చేరినవాటికి చేరినవాటితోనే సంబంధాలు కుదిర్చారు. అంటే తరతరాల మేనరికాలన్నమాట. ఇప్పుడు ఆ సంతానంలో పదింట ఒకదానికి వెనక కాళ్ళు తడబడటంతో మొదలై ఒళ్ళంతా పడిపోయే జబ్బు వస్తోందని పశువైద్యుల అంచనా. దాని పేరు 'వాబ్లీ హెడ్జ్‌హాగ్ సిండ్రోమ్'. వంశపారంపర్యమని అనుమానం. మందు లేదు. ఈ జబ్బు తప్పించుకున్నవాటిలో చాలావాటికి మూడేళ్ళు దాటాక కణుతులు. అమ్మేవాళ్ళ జాబితాలో మాత్రం ఇవేవీ ఉండవు. రంగులుంటాయి: సాల్ట్ అండ్ పెప్పర్, సినమన్, ఆల్బినో. వరుడి ఆరోగ్యం అడిగితే చొక్కా రంగు చెబుతారు.

కాలిఫోర్నియాలో, హవాయిలో, న్యూయార్క్ నగరంలో దీన్ని పెంచడమే చట్టవిరుద్ధం. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఉన్న బావగారు ఆ విధంగా బతికిపోయారు.

మిగిలినవాళ్ళ ఇళ్ళలో మొదటి యుద్ధం గోడ మీది థర్మోస్టాట్ దగ్గర. ఈ జీవికి గది దాదాపు 23 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకు బాగా తగ్గితే శీతాకాల నిద్రలోకి జారబోతుంది. ఐరోపా అడవుల్లోని దాని చుట్టాలు శరత్కాలమంతా తిని, కొవ్వు దాచుకుని, నెలల తరబడి పడుకుని వసంతానికి లేస్తాయి. ఈ ఆఫ్రికావాడి ఒంటికి ఆ ఏర్పాటు లేదు. పడుకోవడమైతే పడుకుంటాడు, లేవడం అనుమానం. పొట్ట చల్లగా, కాళ్ళు తడబడుతూ, సగం ముడుచుకుని ఉన్న ప్రాణిని చూసి కొత్త యజమాని "ఎంత బుద్ధిగా నిద్రపోతున్నాడో!" అని ఫోటో తీస్తాడు. వెంటనే ఛాతీకి హత్తుకుని, బట్టలో చుట్టి, మెల్లమెల్లగా వేడెక్కిస్తూ వైద్యుడి దగ్గరకు పరుగెత్తాల్సిన సమయం అది.

అందుకని పంజరం పైన సెరామిక్ హీటర్, దానికో థర్మోస్టాట్, రెండూ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి లోపల ఒక థర్మామీటర్. కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఒక ఆలోచన. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లి డిసెంబరులో "కాస్త వేడి పెంచరా" అంటే "గ్యాస్ బిల్లు పేలిపోతుందమ్మా, ఇంకో స్వెట్టర్ వేసుకో" అని ముద్దుగా చెప్పిన కొడుకే, అరకేజీ ముళ్ళముద్ద కోసం అర్ధరాత్రి లేచి డిగ్రీలు పెంచుతాడు. ఆవిడ ఇప్పుడు జపమాల పట్టుకుని పంజరమున్న గదిలోనే కూర్చుంటోంది. ఆ ఇంట్లో హెడ్జ్‌హాగ్ వల్ల సుఖపడ్డ ప్రాణి ఆవిడ ఒక్కర్తే.

ఇక విందు. కొత్త యజమాని మొదట చేసే పని గిన్నెలో పాలు పోయడం. ఏ జంతువు వచ్చినా పాలు పోయడం మనకు సంస్కారం. దీనికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంగ్లండులో పెరటికొచ్చే అడవి హెడ్జ్‌హాగ్‌లకు పాలూ రొట్టే పెట్టడం తాతల నాటి పుణ్యకార్యం. ఆ పుణ్యం మానండి మహాప్రభో అని అక్కడి సంరక్షకులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. సరే, పాలు వద్దు. మరి మనం తినేదాంట్లో ఓ ముద్ద? ఉల్లి కూడదు, వెల్లుల్లి కూడదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, అవకాడో కూడదు. ఉప్పూ మసాలా తగిలినదేదీ కూడదు. తెలుగువాడి వంటింట్లో ఇవన్నీ తీసేస్తే మిగిలేది మడివంట. అదీ తినదు. ఎందుకంటే అది పుట్టుకతో పురుగులు తినే జీవి.

చాలామంది పెంపకందారులు చెప్పే మార్గం పిల్లి తిండి. నూటికి ముప్ఫై వంతులకు తగ్గకుండా ప్రొటీన్, పదిహేను వంతులకు మించకుండా కొవ్వు ఉన్న పొడి గుళికలు, రాత్రికి ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. పిల్లి లేని ఇంటికి పిల్లి తిండి మోసుకొస్తుంటే పక్కింటివాళ్ళు పిల్లిని చూపించమంటారు, అది వేరే చిక్కు. పైన పురుగులుండాలి: మీల్‌వర్మ్‌లు, కీచురాళ్ళు. బతికున్న మీల్‌వర్మ్‌లు నిలవ ఉండాలంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏకాదశి ఉపవాసాలుండే ఇంట్లో దోసెల పిండికీ పెరుగు గిన్నెకూ మధ్య, మూతకు చిల్లులున్న డబ్బా ఒకటి వెలుస్తుంది. లోపల కదులుతుంటుంది. దాని మీద పేరు రాసి పెట్టుకోవడం మంచిదని నా మనవి, ముఖ్యంగా చుట్టాలు వచ్చే రోజుల్లో.

అంతటితో అయిపోలేదు. పురుగులకు కూడా పోషకాహారం పెట్టాలి. వాటి కడుపులో ఏముంటే అదే దీని కడుపులోకి వెళ్తుంది కాబట్టి ముందురోజు వాటికి క్యారెట్ ముక్కలు, ఆకుకూరలు వేయాలి. ఇంట్లో కొడుకు కూర తినడు. అతని జంతువు తినబోయే పురుగు మాత్రం పాలకూర తింటుంది. పోనీ మీల్‌వర్మ్‌లు ఇష్టంగా తింటోంది కదా అని గుప్పెళ్ళతో పోస్తే, వాటిలో కొవ్వు ఎక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్ళు ఊరుతుంది. బాగా బలిసిన హెడ్జ్‌హాగ్ బంతిలా ముడుచుకోలేదు. మధ్యలో సందు మిగులుతుంది. ప్రకృతి దానికి ఇచ్చిన ఒకే ఒక్క ఆయుధాన్ని మనం ప్రేమతో తినిపించి ఊడబెరుకుతాం. దీని పేరు ముద్దు చేయడం.

పగలంతా నిద్ర, చీకటి పడ్డాక మెలకువ. అడవిలో పురుగుల వేటకు రాత్రికి కిలోమీటర్ల కొద్దీ తిరిగే జీవికి పంజరంలో దిక్కు ఒక చక్రం. కడ్డీల చక్రం పనికిరాదు, కాళ్ళు ఇరుక్కుని విరుగుతాయి. మూసిన నేల ఉన్న, దాదాపు 30 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం కావాలి. దాని మీద తెల్లవార్లూ పరుగు. పరుగెడుతూనే కాలకృత్యాలు, కాలకృత్యాల మీదే పరుగు. తెల్లారేసరికి చక్రమూ కాళ్ళూ ఒకే రంగు. ఆఫీసుకు పోయేముందు చక్రం కడగాలి, దాని కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమాలి. వీధుల్లో తిప్పుకు రానక్కర్లేదన్న మాట ఈ పూట గుర్తుకొస్తుంది. కుక్క ఆ పనేదో బయట చేసుకొస్తుంది కదా!

ఇన్ని మర్యాదలకూ బదులుగా అల్లుడుగారు ఏమిస్తారు? చేయి పెట్టగానే అలకపాన్పు ఎక్కుతారు. ముడుచుకుని బుసకొడతారు. వారాలు, ఒక్కోసారి నెలలు రోజూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మీ పాత టీషర్టు పంజరంలో వేసి ఆ వాసన అలవాటు చేస్తే ముక్కు బయటపెడతారు. కొత్త సబ్బు వాసన తగిలితే నోట్లోంచి నురగ తీసి ఒళ్ళంతా పూసుకుంటారు. అది పిచ్చి కాదు, దాని సహజ లక్షణమే. ఆ సంగతి తెలియని కొత్త యజమాని రేబిస్ అనుకుని ఎమర్జెన్సీకి పరుగెడతాడు. అక్కడ మామూలు పశువైద్యుడు "మేం ఇలాంటివి చూడం, ఎగ్జోటిక్ డాక్టర్‌ని వెతుక్కోండి" అంటాడు. మత్తు ఇస్తే తప్ప విప్పుకోని రోగికి నోరు చూడటం, పొట్ట చూడటం మాటలా?

పోనీ ముద్దుపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. హెడ్జ్‌హాగ్‌ల నుంచి సాల్మొనెల్లా సోకి 2019లో, మళ్ళీ 2020లో అమెరికాలో జనం జబ్బుపడ్డారు. ముద్దులు పెట్టొద్దు, మొహానికి హత్తుకోవద్దు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, దాని గిన్నెలూ బొమ్మలూ వంటింటి సింకులో తోమొద్దని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. తమ పౌరులను ముళ్ళ జంతువును ముద్దుపెట్టుకోవద్దని వారించాల్సిన స్థితి ఒక ప్రభుత్వానికి రావడం నాగరికతలో ఒక దశ. టోక్యోలోని రొప్పొంగిలో 2016లో ఏకంగా హెడ్జ్‌హాగ్ కెఫేనే తెరిచారు. డబ్బు కట్టి, రాత్రి తిరిగే జంతువును పట్టపగలు నిద్రలేపి ఒళ్ళో పెట్టుకునే వీలు కల్పించారు.

ఈ మోజు మన నగరాలకూ చేరింది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. గది ముప్ఫై డిగ్రీలు దాటితే ఆ ప్రాణి వేడికి సొమ్మసిల్లుతుంది. హైదరాబాద్ మేలో దానికి పగలూ రాత్రీ ఏసీ కావాలి. తమాషా ఏమిటంటే మన తమిళనాడు, ఆంధ్ర మెట్టభూముల్లో మనదైన హెడ్జ్‌హాగ్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. మద్రాస్ హెడ్జ్‌హాగ్ అంటారు. ఎండకు అలవాటుపడినది, ఏసీ అడగదు, ఎవరి ఫ్రిజ్‌లోనూ చోటు అడగదు. దాని పొదలు పోతున్నాయి. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో కోరింత దగ్గుకు మందని దాని ముళ్ళను వాడేవాళ్ళున్నారు. దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చుకోమని చెప్పడం లేదు. అది ఉన్నచోట ఉండనిస్తే చాలు.

ఇప్పటికే కొనేసినవారికి ఒక్క మాట. నా వెక్కిరింత మీ మీదే గానీ ఆ పంజరంలో ప్రాణి మీద కాదు, అది తనను కొనమని మిమ్మల్ని అడగలేదు. ఈ రాత్రే థర్మామీటర్ చూడండి, పాలగిన్నె తీసేయండి, కడ్డీల చక్రం మార్చండి, జబ్బు చేయకముందే హెడ్జ్‌హాగ్‌లను చూసే వైద్యుడి ఫోన్ నంబరు సంపాదించి ఉంచుకోండి. ఇంకా కొననివాళ్ళు దయచేసి కొనకండి.