కుక్కకి తీసిపెట్టిన ముద్ద

మా రోజుల్లో భీమిలిలో వీధికుక్కకీ ఒక వాటా ఉండేది. పొద్దున్న వార్చిన గంజిలో కాస్త, రాత్రి అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున మిగిలిన మెతుకుల్లో మజ్జిగనీళ్లు పోసి ఒక ముద్ద. అరుగు కింద పగిలిన కుండపెంకు దానికోసమే ఉండేది. వీధికంతా కలిపి ఒకటో రెండో కుక్కలు. ఏ గుమ్మం ముందు ఏ వేళకి నిలబడాలో వాటికి తెలుసు.

ఇప్పుడు ఆదివారం రాత్రి పదింటికి బీచ్ రోడ్డు వెంట నడిచి చూడండి. గోడల పక్కన, కరెంటు స్తంభాల మొదట్లో ముడేసిన పల్చటి కవర్లు. వాటిలో బిరియానీ బొమికలు, చికెన్ పకోడీ ముక్కలు, చేపల ముళ్లు. మసాలా అంటిన కవరుని కుక్క చింపి ఊరుకోదు, కొంత మింగేస్తుంది కూడా. అడిగితే, "పాపం మూగజీవం, తింటుందని పెట్టాం" అంటారు. ఇంట్లో కంపు కొడుతుందని బయట పారేసి దానికి దయ అని పేరు పెట్టుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

కోడికూర అప్పట్లో పండక్కో, చుట్టం వస్తేనో. నాటుకోడి బొమికని మనమే కొరికి మూలుగ పీల్చేవాళ్లం. కుక్కదాకా వెళ్లేది తక్కువ. కుక్కలు తిన్నవల్లా ఒడ్డున కవ్వళ్లు, కానాగంతల్లాంటి చేపలు బాగుచేసే చోట పారేసిన తలలు, పేగులు, మాంసం కొట్టు ముందు పడిన పచ్చి ముక్కలు. తేడా ఇక్కడే ఉంది. పచ్చి ఎముకలో తేమ, జిగురు ఉంటాయి. ఉడికినా వేగినా అవి పోయి ఎముక పెళుసెక్కుతుంది. పచ్చిపుల్ల వంగుతుంది, ఎండుపుల్ల ఫట్టున విరిగి మొన తేలుతుంది, అదే తీరు. కోడి కాలిబొమిక సన్నం, లోపల డొల్ల. నమిలితే నిలువునా చీలి సూదులవుతుంది. ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్ కోడిని ఇప్పుడు రోజూ వండుతున్నారు కాబట్టి కుక్క నోటికి ఆ సూదులూ రోజూ అందుతున్నాయి. పచ్చి ఎముకైతే ఏ భయమూ లేదని కాదు, దానితోనూ పళ్లు విరుగుతాయి, రోగాలూ వస్తాయి. వండినది మాత్రం ఎప్పుడూ పెట్టకూడనిదే.

కొట్లో అందమైన ప్యాకెట్లో అమ్మే ఎముకలైతే మంచివనుకునేవాళ్లున్నారు. ఆరబెట్టి, పొగబెట్టి అమ్మే అలాంటి ఎముకల వల్ల సుమారు 90 కుక్కలు జబ్బుపడ్డాయనీ, వాటిలో 15 దాకా చనిపోయాయనీ తమకు ఫిర్యాదులందినట్టు 2017లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే చెప్పి జనాన్ని హెచ్చరించింది.

మా వీధిలో తెల్లమచ్చల కుక్క ఒకటుండేది. ఓ రాత్రి బొమికల కవరు తిని తెల్లారేసరికి నడుం వంచుకుని మూలన నిలబడింది. ఎదురింటి కుర్రాడు ఉప్పునీళ్లు కలిపి తెచ్చాడు. "వాంతి చేయిస్తే పోద్ది తాతగారూ" అన్నాడు. వద్దు బాబూ అన్నాను. దిగేటప్పుడు గీసుకుంటూ దిగిన ముక్క ఎక్కేటప్పుడు గొంతుగొట్టాన్నే చీల్చగలదు. ఉప్పు ఎక్కువైతే అదే విషం. నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆటో మాట్లాడి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రేలో కడుపునిండా ముక్కలు కనిపించాయి. అదృష్టం బాగుండి పేగు తెగలేదు, బతికింది.

అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. కుక్క బొమిక పట్టుకుంటే అరుస్తూ వెంటపడకండి, భయపడి గబుక్కున మింగేస్తుంది. మరో తిండి చూపించి వదిలించండి. మింగి ఊపిరాడక కొట్టుకుంటుంటే, నోరు కాళ్లతో గీరుకుంటుంటే, నాలుక నీలమెక్కితే అరనిమిషం కూడా ఆగకూడదు. నోరు తెరిచి చూసి, ముక్క కంటికి కనిపిస్తేనే తీయాలి. కనబడకుండా వేలు పెట్టి లోపలికి తోయకూడదు. రాకపోతే వెనకనుంచి పట్టుకుని పక్కటెముకల కింద పొట్టని పైకి, ముందుకి గట్టిగా నొక్కుతూ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మేక కాలి గుండ్రటి నల్లీ బొమిక కింది దవడకి ఉంగరంలా పట్టేస్తుంది, దాన్ని మీరు లాగకండి.

మింగినా హాయిగా తిరుగుతుంటే? కుక్క కడుపులో ఆమ్లం ఘాటైనది, చాలా ముక్కలు అందులో మెత్తబడి బయటికొచ్చేస్తాయి. అయినా డాక్టరుకి ఒక ఫోను చేసి మూడు నాలుగు రోజులు కనిపెట్టాలి. మాటిమాటికీ వాంతులు, తిండి మానడం, పొట్ట ఉబ్బడం, ముందుకాళ్లు చాచి వెనకభాగం పైకెత్తి ఉండిపోవడం, ముక్కుతూ సుద్దలాంటి గట్టి విరేచనం, అందులో నెత్తురు లేదా నల్లటి జిగట, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రి. మన నొప్పిమాత్రలు పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ దానికి వేయకూడదు. భీమిలివాళ్లకి ఇంకో మాట. గోస్తనీ సముద్రంలో కలిసేచోట గేలాలు వేసేవాళ్లు ఎరతో సహా వదిలేసి పోతుంటారు. కుక్క నోట్లోంచి గేలపు దారం వేలాడుతుంటే లాగొద్దు, పొట్టిగా కత్తిరించొద్దు. డాక్టరుకి ఆ దారమే ఆధారం.

అప్పట్లో అన్నీ బాగున్నాయని నేననను. పురపాలక సంఘాలు వీధికుక్కల్ని చంపించేవి. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు ఆ పద్ధతి మార్చి ఆపరేషన్లూ, టీకాలూ పెట్టాయి. ఆ విషయంలో ఈ రోజులే మేలు. కుక్క ఎందుకు చచ్చిందో అప్పుడు మాకు తెలిసేది కాదు, "ఎవరో మందు పెట్టారు" అని ఊరుకునేవాళ్లం. ఇప్పుడు ఎక్స్‌రే ఉంది, మత్తిచ్చి గొట్టంతో తీసే వైద్యం ఉంది. ఇన్ని వచ్చాక కూడా బొమికల కవర్లు వీధిలోనే పడుతుంటే బాధ కాదూ! అసలు పెట్టొద్దని కాదు, వీధికుక్కలకి తిండి పెట్టడానికి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ఒప్పుకున్నాయి. పిల్లలు ఆడేచోటుకి దూరంగా ఒక తావు చూసుకుని, చెత్త చేయకుండా పెట్టమన్నాయి.

1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు మనది. విశాఖ నగరం చెత్తంతా వచ్చి పడే కాపులుప్పాడ మన పక్కనే. చెత్త ఎక్కడికి పోవాలో మనకొకరు నేర్పనక్కర్లేదు.

భీమిలి వాళ్లందరికీ చెబుతున్నాను. ఈ ఆదివారం కూర తిన్నాక బొమికల్ని మూతున్న బకెట్లో ఉంచి, పొద్దున్న చెత్తబండికే ఇవ్వండి. కుక్కకి పెట్టాలనుంటే ఉల్లిపాయ, కారం, మసాలా తగలని అన్నం ఒక ముద్ద, పక్కన చిప్పెడు మంచినీళ్లు పెట్టండి.