అష్టాక్షీ ప్రస్థానము

కావ్యమన్నాక పురవర్ణన తప్పదు. ధర్మవరంలో ఒక మగ్గాల ఇల్లు. ఆ ఇంటికొక కిటికీ. ఆ కిటికీ పై చువ్వల మధ్య జానెడు జాగా. అదే మన నాయిక రాజధాని.

నాయిక సాలెపురుగు. కమలాక్షి అందామంటే కళ్లు ఎనిమిది, ఒక్క మొహానికి అన్ని కమలాలు ఎక్కడ తెచ్చేది? నడుము మాత్రం, ఉందా లేదా అని ప్రబంధకవులు ఎవరెవరినో చూసి సందేహపడ్డారు గానీ, అసలు చూడవలసింది ఈమెని.

వంశం సామాన్యం కాదు. ఆదిమాత అరాక్నీ లిడియా దేశపు నేతగత్తె, అద్దకపువాడి కూతురు. ఎథీనా దేవితోనే పందెం కాసి, దేవతల రంకులన్నీ బట్టలో నేసింది. దేవికి అందులో వంక దొరకలేదంటాడు ఓవిడ్. చీర మడత విప్పి వంక వెతికే షావుకారుకు అది దొరక్కపోతే మొహం ఎలా మారుతుందో ఎరిగినవాళ్లకు తర్వాతి కథ చెప్పక్కర్లేదు. బట్ట చిరిగింది, నాడె దెబ్బ నుదుట పడింది, ఉరిపోసుకున్న పిల్ల పురుగైంది. అక్కడ అది శాపం. మన శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలెపురుగే, శివుడిలో కలిసింది.

కింద గుంటమగ్గం మీద లేపాక్షి లతలు అంచు పట్టుకుని పాకుతున్నాయి. పైన ఈమె నడిమధ్య నుంచి చువ్వలకు జిగురులేని పోగులు లాగింది. అది పడుగు. వాటిమీద జిగురుపోగు చుట్లు తిప్పుతూ, ఒక్కో ముడీ వెనక కాలితో ఆనించింది. అది పేక. అడ్వాన్సు లేదు, హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధరతో పనిలేదు. సరుకంతా కడుపులోనే.

ఉగాది ముందర యుద్ధం వచ్చింది. ఇల్లాలు కొంగు బిగించి, ముక్కుకు గుడ్డ కట్టి, బూజుకర్ర ఎత్తింది. ఎథీనా బల్లెం దాని ముందు చీపురుపుల్ల. ఒక్క వేటుకు కోట, పడుగు, పేక, కొలువులో వేలాడే ఈగలతో సహా కర్ర కొసకు ఉండచుట్టుకున్నాయి.

"ఎంత బూజురా సామీ!" అంది విజేత.

రాణి ఒంటిపోగు పట్టుకుని జారింది. 1565లో రాక్షసతంగడి ఓటమి తర్వాత తిరుమలరాయలు పెనుకొండ చేరినట్టు, గోడవారగా పోయి మగ్గం మీది జాకార్డు పెట్టె వెనక దూరింది. కర్ర అక్కడికి రాదు. అట్టలు కదిలితే బుటా తప్పుతుందని ఇల్లాలికి తెలుసు.

రాత్రి మగ్గం ఆగింది. పెట్టె వెనక మొదటి పోగు పడింది.