చార్మినార్ పక్కన దాక్కున్న హోటలు

హైదరాబాదుకు ఈమధ్య వాస్కోడిగామాల తాకిడి ఎక్కువైంది. రోజుకొకడు ఫోను పట్టుకుని బయల్దేరి, రోజుకో హోటలు కనిపెడుతున్నాడు. "ఈ హిడెన్ జెమ్ గురించి ఎవరికీ తెలీదు గైస్!" అని అరుస్తాడు. వెనకాల నలభై మంది ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉంటారు. వాళ్లు 'ఎవరూ' లెక్కలోకి రారన్నమాట.

నిమ్రా కేఫ్‌నూ ఇలాగే కనిపెట్టారు. 1591 నుంచీ చార్మినార్ నాలుగు చేతులెత్తి పిలుస్తున్నా, దాని పక్కనే ఉన్న చాయ్ హోటలు మాత్రం మొన్నటిదాకా ఎవరి కంటా పడలేదట! మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ రహస్యమేనట. అర్ధరాత్రి దాటాక అక్కడ దోసె కోసం బారులు తీరే బైకులు, పాపం, దారి తప్పి వచ్చినవి కాబోలు. మాదాపూర్‌లో కుమారి ఆంటీ భోజనాల స్టాల్‌నైతే 2024 జనవరిలో ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు తీయించబోయారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డే ఉండనివ్వమన్నారు. ముఖ్యమంత్రి దాకా వెళ్లిన గుట్టు ఇంకెక్కడైనా ఉందా?

ఇంతకీ దాచిందెవరు? గల్లీలోని ఆటో అన్న పొద్దున్నే ఇరానీ హోటలుకొచ్చి "ఏక్ పౌనా" అంటాడు. చాయ్ సాసర్లో పోసుకుని, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిని, పేపరు తిరగేసి పోతాడు. ఆయనకది జెమ్మూ కాదు, రాయీ కాదు. పొద్దుటి చాయ్, అంతే. రీలు వైరలైన మర్నాడు ఆయన కుర్చీలో బ్యాగు కూర్చుంటుంది, టేబుల్ మీద లైటు నిలబడుతుంది. చాయ్ సాసర్లోకి పడే ముచ్చట స్లోమోషన్‌లో కుదిరేదాకా ఒంపుతూనే ఉంటారు. చల్లారినా ఫరవాలేదు, తాగేవాడెవడు గనక! కొన్నాళ్లకు రేట్ల బోర్డు మీద కొత్త స్టిక్కరు పడుతుంది. 'లోకల్స్ ప్రాణం పెట్టే చోటు' అని చాటింపు వేసి, ఆ లోకల్స్‌నే రోడ్డు మీద నిలబెట్టడం ఈ విద్యలోని గొప్పతనం.

మందు దగ్గర ఈ దాగుడుమూతలు మరీ ముదిరాయి. బయట బోర్డుండదు. పుస్తకాల బీరువా తోస్తే లోపల బారు! స్పీకీజీ అట. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు పోలీసుల కళ్లుగప్పి తాగిన కొట్ల నమూనా. నిషేధం మనం మాత్రం చూడలేదా? దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన ఊపులో ఎన్టీఆర్ 1995లో మద్యం బంద్ చేశారు. 1997లో ఆ గేట్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ మధ్యకాలంలో సరిహద్దు దాటొచ్చిన సీసాను చీకట్లో, భయంభయంగా ఖాళీ చేసినవాడెవడూ దాని జ్ఞాపకార్థం బారు పెట్టలేదు. అదేం సరదా కాదని వాడికి తెలుసు.

జనం నిజంగా వెళ్లే చోటు కావాలంటే వైన్స్ పక్కన పర్మిట్ రూం ఉంది. ప్లాస్టిక్ గ్లాసు, ఉడికిన గుడ్డు, పొట్లంలో పల్లీలు. పాస్‌వర్డ్ అడగరు, చిల్లర అడుగుతారు. దాన్ని మాత్రం ఒక్క వాస్కోడిగామా కూడా కనిపెట్టడు. లైటింగ్ బాగోదు కదా!

అయ్యలారా, మీకంత రహస్యాల మీద మోజుంటే దారి సులువే. వెళ్లండి, వేడిగా తినండి, బిల్లు కట్టండి, వెనకవాడికి కుర్చీ వదిలి నోరు మూసుకుని ఇంటికి రండి. అప్పుడు ఊళ్లో ఒక్క హోటలైనా నిజంగా రహస్యంగా మిగులుతుంది.