పొదుగే దారి: ఒక గేదె ఆత్మకథ

నేను గేదెను. గుంటూరు జిల్లాలో, పత్తి చేల నడుమ ఉన్న ఊళ్లో, 1980లలో పాలిచ్చాను. మా జాతి పాలలో వెన్న నూటికి ఏడు పాళ్ల దాకా ఉంటుంది. పాలకేంద్రంలో ఆ వెన్న చూసే డబ్బులు కట్టేవారు. ఆ వెన్నతోపాటు ఏం వస్తోందో చూసే పరికరం మాత్రం అక్కడ లేదు.

పిడుదులు పడితే మా ఆసామి గమాక్సిన్ అనే పురుగుమందు పొడిని పాతగుడ్డలో మూటగట్టి, మెడ దగ్గర మొదలెట్టి తోక దాకా తడుతూ పోయేవాడు. దుమ్ము లేచేది. ఆ కంపు రోజంతా ముక్కు వదిలేది కాదు. పిడుదులు రాలిపోయేవి, ఒంటికి సుఖంగా ఉండేది, నిజమే. తర్వాత నా డొక్కలు నేనే నాక్కునేదాన్ని. నా దూడా నన్ను నాకేది. మలేరియా వాళ్లొచ్చి ఇంటి గోడలతోపాటు గొడ్లచావిడికీ దోమల మందు డీడీటీ కొట్టి, తలుపు మీద తేదీ రాసి వెళ్లేవారు. తడి ఆరకముందే నన్ను ఆ గోడ పక్కనే కట్టేసేవారు. తొట్లో పడే పచ్చగడ్డి కూడా మందు కొట్టిన చేని గట్టున కోసిందే.

ఈ మందులు నీళ్లలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే మూత్రంలో పోయేది కొంచెమే, మిగతాది కొవ్వులో చేరి కూర్చుంటుంది. డీడీటీ ఒంట్లో డీడీఈగా మారి పాతుకుపోతుంది. గమాక్సిన్ పొడిలో పురుగును చంపే భాగం కొద్దిపాటిదే. తక్కిన వాటిలో బీటా అనే రకం అన్నిటికంటే మొండిది. వేసవిలో మేత చాలక చిక్కితే నా కొవ్వు కరిగేది, దానితోపాటు మందూ నెత్తుట్లోకి వచ్చి పాలలో దిగేది. అది బయటపడటానికి నాకున్న పెద్ద దారి పొదుగే. ఆ దారి చివర ఉన్నది నా దూడ, మా ఆసామి మనవరాలు. పెరుగు చిలికినా అది మజ్జిగలోకి పోయేది తక్కువ. వెన్నతోనే నేతిగిన్నెలోకి చేరేది.

తొలి ఈతలో నన్ను మహాలక్ష్మి అన్నారు. పసుపు రాసి, బొట్టు పెట్టారు. తర్వాత్తర్వాత చూడి నిలవలేదు. తవుడు ఆపారు, చెక్క ఆపారు, చివరికి కుడితి కూడా పాడి గేదెలు తాగగా మిగిలితేనే. చావిట్లోంచి చింతచెట్టు కిందికి మార్చారు. వానకు అక్కడే తడిశాను. పొదుగు ఎండిపోయాక ఒంట్లోని మందుకు ఉన్న ఆ పెద్ద దారీ మూసుకుపోయింది. ఆకలికి కొవ్వు కరుగుతుంటే అది నెత్తుట్లో తిరిగి, మిగిలిన కొవ్వులోకే మళ్లీ చేరేది. ఒకనాడు సంతకు తోలారు. బేరం కుదిరాక ఆసామి నా ముఖం చూడలేదు. మెడలో పలుపు మాత్రం విప్పుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 1993లో భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రాల్లో పరీక్షించిన 2205 పాల నమూనాల వివరాలు వెలువడ్డాయి. నూటికి 82లో డీడీటీ, 85లో గమాక్సిన్ మందు ఉన్నాయి. డీడీటీని వ్యవసాయంలో 1989లో ఆపారు, గమాక్సిన్‌ను 1997లో నిషేధించారు. పశువు ఒంట్లో చేరినదాన్ని కడిగేసే వైద్యమేదీ లేదు. కొత్తగా లోపలికి పోనివ్వకపోతేనే నెలలు గడిచేకొద్దీ పాలలో తగ్గుతూ వస్తుంది.

పాడి పెంచే తల్లులారా, అయ్యలారా, మందు కొట్టిన చేని గట్టున గడ్డి కొయ్యకండి. పొలం మందు పశువు ఒంటికి పూయకండి. పిడుదులకు పశువుల డాక్టరిచ్చిన మందే వాడండి, వాడాక ఎన్నాళ్లు ఆ పాలు తాగకూడదో ఆయన్నే అడగండి.