ఫోకస్ దోష నివారణ ప్రకరణం

జాతకంలో దోషం కనిపిస్తే గ్రహాన్ని కదపడం ఎవరి తరమూ కాదు గనుక శాంతి చేయిస్తారు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవారిలో చాలామంది ఫోకస్ దోషం విషయంలో అనుసరిస్తున్న పద్ధతి కూడా ఇదే, కాకపోతే జ్యోతిష్కుడికి గ్రహం అందదు, వీరికి మాన్యువల్ చేతికందే దూరంలోనే ఉంటుంది. ఫోకస్ అంటే, తెర మీద తెరిచి ఉన్న అనేక విండోలలో, వాటిలోని అనేక గడులలో, కీబోర్డు మీద నొక్కిన అక్షరం ఏ ఒక్కదానికి చేరాలో తేల్చే హక్కు. పెళ్లి పందిట్లో మైకులాగా అది ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే ఉంటుంది కనుక దానికోసం పెనుగులాట తప్పదు. కొత్తగా తెరిచిన విండో పాతదాని వెనుక నక్కి ఉండిపోవడం, పాస్‌వర్డ్ గడిలో కర్సరు మిణుకుమనకపోవడం ఈ దోషానికి లక్షణాలు.

అత్యధిక ప్రచారంలో ఉన్న పరిహారం నిరీక్షణ. ఫోకస్ కోరే ఆదేశం ఫలించకపోతే దానికి ముందు 100 మిల్లీసెకన్ల ఆలస్యం చేర్చాలి. అప్పటికీ దోషం లొంగకపోతే 300, ఆపైన 500, గ్రహం ఉగ్రతను బట్టి దక్షిణ పెంచినట్టు. ఈ సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగడం అపచారం. నిజానికి ఇంటర్‌ఫేస్‌ను నడిపేది సాధారణంగా ఒకే థ్రెడ్, అంటే పనులను ఒకదాని తరువాత ఒకటిగా చేసుకుపోయే అమలు ధార. మౌస్ నొక్కులను, బొమ్మ గీయమనే ఆదేశాలను అది వరుసలో పెట్టుకుని తీరుస్తూ పోతుంది కాబట్టి, విండో ఇంకా తెర మీదికి రాకముందే ఫోకస్ అడిగితే ఆ విన్నపం వృథా అవుతుంది, మౌస్ నొక్కు వ్యవహారం తేలకముందే అడిగితే దొరికిన ఫోకస్‌ను ఆ నొక్కే వెనక్కి లాక్కుపోతుంది. కావలసింది విన్నపాన్ని వరుస చివర నిలబెట్టడం. జావా స్వింగ్‌లో ఇన్వోక్ లేటర్, డబ్ల్యూపీఎఫ్‌లో బిగిన్ ఇన్వోక్ అనే సదుపాయాలు ఇటువంటి అవసరానికే ఉన్నాయి, వాటికి మిల్లీసెకన్లతో నిమిత్తం లేదు. గడియారాన్ని నమ్ముకున్న పరిహారం రాసినవారి కొత్త లాప్‌టాప్ మీద ఫలించి, కౌంటరు మీది పాత కంప్యూటరులో వికటిస్తుంది. ఈలోగా వాడుకరి టైపు చేయడం మొదలుపెడితే పాస్‌వర్డులో మొదటి సగం అంతకుముందు తెరిచి ఉన్న చాట్ విండోకు, మిగతా సగం పాస్‌వర్డ్ గడికి చేరుతుంది.

ఓర్పు నశించినవారిది బలప్రయోగ మార్గం. విండోస్ 95 కాలంలో ఏ ప్రోగ్రామైనా సెట్ ఫోర్‌గ్రౌండ్ విండో అనే పిలుపుతో, ఎదుటివారు ఏం రాసుకుంటున్నా సరే, ముందుకు దూకగలిగేది. పిలవని పేరంటాలు మరీ ఎక్కువై, వాక్యం మధ్యలో కొట్టిన స్పేస్‌బార్ అప్పుడే ఊడిపడిన డైలాగులోని ‘సరే’ బొత్తాన్ని నొక్కేసే పరిస్థితి ఉండడంతో, విండోస్ 98, 2000 నుంచి దీనికి తాళం పడింది: వాడుకరి పని చేసుకుంటుండగా అర్హత లేని ప్రోగ్రాము పిలిస్తే టాస్క్‌బార్ మీద దాని గుర్తు మెరుస్తుందే తప్ప విండో ముందుకు రాదు, ఆ తాళం గడువు సహజంగా 2,00,000 మిల్లీసెకన్లు. ఆ తాళాన్ని పరిశోధించిన శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. ఆల్ట్ మీట నొక్కితే సిస్టమ్ మెత్తబడుతుందని కనిపెట్టి, వాడుకరి నొక్కని ఆల్ట్‌ను నొక్కినట్టు నటించేవారు కొందరు; తమ థ్రెడ్‌ను పక్క ప్రోగ్రాము థ్రెడ్‌కు ముడివేసి, ఒకటి కదలకపోతే రెండోదీ బిగుసుకుపోయే బంధుత్వం కలుపుకునేవారు మరికొందరు; ఇంకా ఉదారులైతే తాళం గడువునే సున్నా చేసి, తామొక్కరు లోపలికి రావడానికి ఊరంతటి తలుపులూ తీసిపెడతారు. వీరందరి వాదన ఒక్కటే, తమ విండో ముఖ్యమైనదని. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ ఇటువంటి కోరికలకు తరచు ఎదురువేసే ప్రశ్న, ఇదే పని రెండు ప్రోగ్రాములు చేస్తే ఏమవుతుందన్నది. ఎప్పుడూ పైనే ఉండాలని పట్టుబట్టే రెండు విండోలు ఒకే తెర మీద కలిసినప్పుడు జవాబు కళ్లకు కడుతుంది. 2023లో వచ్చిన మ్యాక్ఓఎస్ 14 ఇతర ప్రోగ్రాములను లెక్కచేయకుండా ముందుకొచ్చే పాత ఆదేశాన్ని పక్కన పెట్టింది, లినక్సు లోకంలో వేలాండ్ అనే ప్రదర్శన వ్యవస్థ అనుమతి చీటీ చూపందే ఏ విండోనూ ముందుకు కదలనివ్వదు. అక్కడా తాళంచెవులు చేసేవారికి పని దొరికింది.

దోషాన్ని పరిశీలించే తీరు ఇంకా రమ్యమైనది. ఫోకస్ పోయిన చోట ప్రోగ్రామును ఆపి చూద్దామని డీబగ్గరులో బ్రేక్‌పాయింట్ పెడితే, ఆగిన మరుక్షణం డీబగ్గరు విండోయే ఫోకస్‌ను తీసుకుంటుంది. దొంగను పట్టడానికి వచ్చిన కానిస్టేబులు సొమ్ము జేబులో వేసుకుని, ఇక్కడ చోరీ జరిగిన ఆనవాళ్లు లేవని రాసిపోయినట్టు. లాగు ఫైలులో వరుసగా రాయించి చదివితే తేలే విషయమిది, అయితే అందులో థ్రిల్లు లేదు. దానికన్నా సులువని మెసేజ్ బాక్సు పెడతారు, అదీ ఫోకస్ పోయినప్పుడు జరిగే తనిఖీ లోపలే. అటువంటి చోట విండోలు తెరవవద్దని, ఫోకస్ మార్చవద్దని మైక్రోసాఫ్ట్ పత్రాలు హెచ్చరిస్తున్నా సరే. పేరు గడి ఖాళీగా ఉందని ఒక డైలాగు వచ్చి ఫోకస్‌ను వెనక్కి లాగితే, ఆ లాగుడుకు ఫోకస్ పోగొట్టుకున్న పిన్‌కోడ్ గడి తాను కూడా ఖాళీయేనని ఇంకో డైలాగుతో ఫిర్యాదు చేస్తుంది, దాన్ని మూయగానే పేరు గడి మళ్లీ లేస్తుంది. ఆ రెండు గడుల మధ్య ‘సరే’, ‘సరే’ అంటూ తిరిగే వాడుకరికి చివరికి మిగిలేవి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు మీటలు. వాటిని విండోస్ నేరుగా తానే అందుకుంటుంది, వంద మిల్లీసెకన్లు ఆగకుండానే.