ఇంట్లో పులి, వీధిలో పిల్లి

ఉన్న ఊరు కదలకుండానే రాజధానులు మార్చడం మన ఆదోని వాళ్లకు అలవాటే. 1953 దాకా జిల్లా బళ్లారి, రాజధాని మద్రాసు. ఆ ఏడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిశాం, కర్నూలే రాజధాని అయింది. దగ్గరికొచ్చిందని సంబరపడేలోపే 1956లో హైదరాబాదుకు లేచిపోయింది. 2020లో కర్నూలుకు 'న్యాయ రాజధాని' అంటూ చట్టం చేశారు, 2021లో రద్దు చేశారు. 2022లో 13 జిల్లాలను 26 చేస్తే నంద్యాలకు కలెక్టరేట్ దక్కింది, ఆదోనికి జిల్లా కోసం ధర్నా మిగిలింది.

వికేంద్రీకరణ అంటే ఏమిటో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల వరుసలో చూడాలి. ఎమ్మిగనూరు నేతన్న పింఛను అర్జీ పట్టుకుని తెల్లారకముందే కర్నూలు బస్సెక్కుతాడు. అర్జీ కంప్యూటర్‌లోకి, రశీదు జేబులోకి పోతాయి. విచారణ ఎవరికి? ఎమ్మిగనూరు ఆఫీసుకే! నేతన్న కంటే అర్జీయే ముందు ఊరు చేరుతుంది.

1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29, మున్సిపాలిటీలకు 18 అంశాలు రాసిపెట్టాయి. ఎన్ని ఇవ్వాలో మాత్రం రాష్ట్రాల దయకు వదిలాయి. ఆ దయ ఎంతటిదో, ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద జమైపోయాయని రోడ్డెక్కిన సర్పంచులను అడగండి.

స్విట్జర్లాండులో కాంటన్లు తమ పన్నులు తామే వేసుకుంటాయి. అమెరికాలో రాష్ట్రం ఒప్పుకోనిదే దాని హద్దు కదలదు. మన మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని అడిగితే చాలు, వినక్కర్లేదు. 2014లో అసెంబ్లీ తిప్పికొట్టిన విభజన బిల్లును పార్లమెంటు పాస్ చేసేసింది. సమాఖ్య స్ఫూర్తికి గొడ్డలిపెట్టని సీమాంధ్ర నాయకులు గొంతు చించుకున్నారు. తీరా జిల్లాల గీతలు గీసే పెన్సిల్ తమ చేతికొచ్చాక, వాళ్లూ అదే పని చేశారు: అభ్యంతరాలు తీసుకున్నారు, చాలామటుకు అనుకున్న గీతే గీశారు. ఢిల్లీ ముందు రాష్ట్రం సమాఖ్యవాది, ఆదోని ముందు రాష్ట్రమే ఢిల్లీ!

రాజధానితో మనకు సంబంధమే లేదంటే మాత్రం ఒప్పుకోను. కోసిగి, ఆదోని పల్లెల జనం ఏటా ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని చంకనేసుకుని రాజధాని అమరావతి ఉన్న గుంటూరు వైపు పోతూనే ఉన్నారు. ఫైళ్ల కోసం కాదప్పా, మిరపకాయలు కోసే సుగ్గికి.

కాబట్టి అమరావతి పెద్దలకు ఒక మనవి. ఢిల్లీని అధికారాలు అడగండి, మేమూ వెంటొస్తాం. ముందు మీ గుప్పిట విప్పండి. పడమటి కర్నూలుకు జిల్లా ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం మీ చేతిలోనే ఉంది.