నలభై ఐదు డిగ్రీల అంచనాలు

నంద్యాలలో మామిడిపండ్లు కొనే మనిషిని మోసం చేయడం కష్టం. బనగానపల్లె పక్కనే పెట్టుకుని బతికేవాళ్లం. పండును ముచ్చిక దగ్గర వాసన చూస్తాడు, కార్బైడు పెట్టి మాగేసినారా అని నిలదీస్తాడు, ఒకటి కోసి ముక్క పెట్టమంటాడు, తిన్నాక కూడా డజనుకు ఇరవై తగ్గించమంటాడు. అదే మనిషి సినిమా దగ్గరికి వచ్చేసరికి ముప్పై సెకన్ల గ్లింప్స్ చూసి, అందులో హీరో వీపు తప్ప ముఖం కనపడకపోయినా, "ఇండస్ట్రీ హిట్టప్పా, రాసిపెట్టుకో" అని టీ అంగడి దగ్గర తీర్పు చెప్పేస్తాడు.

ఎండాకాలం సినిమాలు అంచనాలు అందుకున్నాయా లేదా అని ఏటా మే నెలాఖరుకు పంచాయితీ మొదలవుతుంది. ఈ పంచాయితీలో ముద్దాయిని తప్పుగా పట్టుకున్నారని నా అనుమానం. సినిమా పాపం రెండున్నర గంటలు ఆడి వెళ్లిపోతుంది. అంచనా ఏడాది పొడుగునా ఆడుతుంది. టైటిల్ ప్రకటన, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, మొదటి పాట, రెండో పాట, ట్రైలర్, ప్రీ రిలీజ్ ఈవెంట్ అయ్యాక తొమ్మిదో ఐటమ్‌గా సినిమా వస్తుంది. ఎనిమిదింటికీ ఈలలు వేసి గొంతు పోగొట్టుకున్నవాడికి తొమ్మిదోది చప్పగానే ఉంటుంది.

పైగా ఈ అంచనాకు రేటు ఉంది. సినిమా వ్యాపారంలో మా నాలుగు జిల్లాల పాత రాయలసీమను ఇప్పటికీ సీడెడ్ అనే అంటారు. నిజాం నవాబు 1800లో మమ్మల్ని కంపెనీవాళ్లకు ధారపోసినప్పటి పేరది. తెలుగులో దత్త మండలాలు. ఆ మాట వద్దు, రాయలసీమ అందామని 1928లో సభ పెట్టి తీర్మానించుకున్నది వేరే ఎక్కడో కాదు, మా నంద్యాలలోనే. ఆ కబురు ఫిల్మ్‌నగర్‌కు ఇంకా చేరలేదు. "సీడెడ్ ఎంతకు పోయింది?" అని వాళ్లు అడుగుతుంటే నవాబుగారు మళ్లీ సంతకం పెడుతున్నట్టే ఉంటుంది. సినిమా పూర్తికాక ముందే డిస్ట్రిబ్యూటరు హీరో పేరు చూసి కోట్లు పోసి ఏరియా కొంటాడు. ఆ కోట్లు మా జేబుల్లోంచి రాబట్టాలి కాబట్టి మొదటి వారం టికెట్ పెరుగుతుంది. అంటే మన ఆశకు మనకు తెలియకుండా వెలకట్టి, మళ్లీ మనకే అమ్ముతున్నారన్నమాట.

టికెట్ ధరకూ అంచనాకూ లంకె ఉందనడానికి 2021 మంచి సాక్ష్యం. ఆ ఏప్రిల్‌లో, సరిగ్గా 'వకీల్ సాబ్' విడుదలయ్యే సమయానికి, ప్రభుత్వం రేట్లు కట్టడి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలైతే నేల టికెట్ 5 రూపాయలు. టీ కన్నా సినిమా చవక. థియేటర్లవాళ్లు గోలపెట్టారు, అందులో న్యాయం ఉంది. కానీ 5 రూపాయలు పెట్టినవాడు సినిమా బాగాలేదని తిట్టడం నేనెక్కడా వినలేదు. 2022 మార్చిలో రేట్లు మళ్లీ పెరిగాయి, వాటితోపాటే మా విమర్శనా శక్తి కూడా పెరిగింది.

సినిమావాళ్లకూ నమ్మకాలు తక్కువేం కాదు. ఏప్రిల్ 28 వచ్చిందంటే పరిశ్రమకు పూనకం. 1977లో 'అడవి రాముడు' ఆ రోజే. 1994లో 'యమలీల' ఆ రోజే. 2006లో 'పోకిరి', 2017లో 'బాహుబలి 2' కూడా ఆ రోజే. ఇంత బలమైన ముహూర్తం పంచాంగంలో మరొకటి ఉండదని అందరూ ఖాయం చేసుకున్నాక, 2023లో అదే ఏప్రిల్ 28న 'ఏజెంట్' వచ్చింది. మూడు నాలుగు రోజుల్లోనే నిర్మాత బయటికొచ్చి, పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా షూటింగుకు దిగడం మా పొరపాటని నిజాయితీగా ఒప్పుకున్నారు. తేదీ చేతిలో ఉంటే చాలనుకున్నారు కాబోలు.

అంచనా, సినిమా రెండూ గట్టిగా పోటీపడిన సందర్భం నాకు తెలిసి 'బాహుబలి'యే. ఆ సినిమా మొదటి షూటింగు 2013లో ఓర్వకల్లు రాళ్లలో జరిగింది. నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలో బస్సు కిటికీలోంచి మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రాళ్లవి. ఏనాడూ వాటిని లెక్కచేసింది లేదు. రాజమౌళి వచ్చి కెమెరా పెట్టాక ప్రతి రాయీ మా బంధువైపోయింది. ఇక 2015 జులైలో కట్టప్ప బాహుబలిని పొడిచి ఊరుకున్నాడు. ఎందుకో 2017 ఏప్రిల్‌కు గానీ చెప్పలేదు. ఆ మధ్యకాలంలో నంద్యాలలో ప్రతి అరుగు మీదా ఒక సిద్ధాంతం తయారైంది. పొలం గట్టు తగాదా అని ఒకరు, కాలవ నీళ్ల దగ్గర మాటా మాటా వచ్చుంటుందని ఇంకొకరు. కేసీ కెనాల్ కింద సేద్యం చేసే పెద్దాయన ఒకాయనైతే, "సొంత మనిషి యెనక నుంచి పొడిచినాడంటే ఇంట్లో ఎవరో చెప్పింటారప్పా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చివరికి తేలింది అదే కదా, రాజమాత ఆజ్ఞ! దేశమంతా రెండేళ్లు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్నకు మా ఊళ్లో బీడీ వెలిగించినంత సేపట్లో జవాబొచ్చింది. అయినా ఆ పెద్దాయన సినిమాకు వెళ్లాడు, తను చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి. అంచనా నిజమైనందుకు ఆనందించిన ప్రేక్షకుణ్ణి నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

ఆళ్లగడ్డ వ్యవహారం వేరు. అక్కడ మా మామ ఒకాయన రాయి చెక్కుతాడు. ఆళ్లగడ్డ శిల్పులంటే తెలియని గుళ్లు తక్కువ. ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని అమ్మవార్లు వరసగా నిలబడి ఉంటారు. మామకు హీరోల పేర్లు పట్టవు. పోస్టర్లో గుడి ఉంటే సినిమాకు వస్తాడు, లేకపోతే రాడు. 2022 ఏప్రిల్ 29న 'ఆచార్య' వచ్చింది. చిరంజీవి, రామ్‌చరణ్, తండ్రీకొడుకులు ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఊరంతా అంచనాను రెండింతలు చేసుకుంది. మామను లాగింది మాత్రం దాని కోసం వేసిన గుడి సెట్టు. ఇరవై ఎకరాల్లో ఊరికి ఊరే కట్టారని, గాలిగోపురం చూసి తీరాలని ముందే ప్రచారం చేశారు.

హాల్లో హీరో వచ్చినప్పుడు అందరూ పైకి లేస్తే మామ, "కూర్చోండబ్బా, గోపురం కనపడ్లేదు" అని కసురుకున్నాడు. బయటికొచ్చాక అడిగాను.

"ఎట్లుంది మామా?"

"గుడి బాగా కట్టినారు అల్లుడూ. కొలతలు తెలిసినోడే ఎవడో చేసినాడు. ద్వారపాలకులు మాత్రం రవ్వంత పొట్టి."

"నేనడిగేది సినిమా."

"అది యాడ జరిగింది?"

ఆ ఏడాది 'ఆచార్య' మీద నేను చదివిన సమీక్షల్లో ఇంత క్లుప్తమైంది లేదు. గమనించాల్సిందేమంటే, ఆ రోజు హాల్లో నిరాశపడనివాడు మా మామే. గుడి చూద్దామని వచ్చాడు, గుడి చూసి వెళ్లాడు.

మామకు కూడా తప్పని నిరాశ ఒకటుంది. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు పక్క మండలమే. నెలకు పదకొండు రూపాయల చిల్లర భరణం దగ్గర మొదలైన గొడవ పెద్దదై, నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడనీ, 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరి తీశారనీ మా తాతల నుంచి వింటూనే ఉన్నాం. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే. అలాంటి మనిషి మీద 'సైరా' తీస్తున్నారంటే ఊళ్లలో ఎవరికీ నిద్ర పట్టలేదు. 2019 అక్టోబరు 2న విడుదలైంది. అక్టోబరు ఎండాకాలం ఎట్లా అవుతుందని అడగొద్దు, మాకు చలికాలం అన్నది స్వెట్టర్లు అమ్మేవాళ్లు చెబితే తప్ప తెలియదు. యుద్ధం ఘనంగా ఉంది, చిరంజీవి ఘనంగా ఉన్నారు. కానీ పోరాట ఘట్టాలు కొన్ని జార్జియా దేశంలో తీశారట. ఆ పచ్చదనం చూసి మామ కళ్లు నులుముకున్నాడు. "కోవెలకుంట్ల ఇంత చల్లగా ఉంటే దొరలతో కొట్లాట ఎందుకు అల్లుడూ, నీడన పడుకునేవాళ్లం కదా" అన్నాడు. భాషను, యాసను, ఖడ్గాన్ని తెర మీదికి తెచ్చినవాళ్లున్నారు గానీ సీమ ఎండను మాత్రం ఇంతవరకు ఎవరూ సరిగ్గా తేలేదు.

ఎండంటే గుర్తొచ్చింది. 2024 ఎండాకాలంలో చూద్దామంటే పెద్ద సినిమాయే లేదు. మే 9న రావాల్సిన 'కల్కి' ఎన్నికల పుణ్యమా అని జూన్ 27కు జరిగింది. ఆ మే నెల మధ్యలో జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు పది రోజులు మూసుకున్నాయి. మాకు మాత్రం లోటు రాలేదు. మే 13న పోలింగ్ అనగా 11వ తేదీన అల్లు అర్జున్ నంద్యాల వచ్చారు, వైకాపా అభ్యర్థి అయిన తన స్నేహితుడు శిల్పా రవిచంద్రకిశోర్‌రెడ్డిని పలకరించడానికి. టికెట్ లేదు, ఇంటర్వెల్ లేదు. మిద్దెల మీద, చెట్ల మీద, కరెంటు స్తంభాల పక్కన, ఎక్కడ చూసినా జనమే. అనుమతి లేకుండా అంతమంది గుమిగూడారని కేసు పెట్టారు, ఆ నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జూన్ 4న ఫలితాలొస్తే గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి ఎన్.ఎం.డి. ఫరూక్. హౌస్‌ఫుల్ బోర్డు వేరు, కలెక్షన్ వేరు అని డిస్ట్రిబ్యూటర్లు ఎప్పుడూ మొత్తుకునేది ఇదే. అదే జనం డిసెంబరులో 'పుష్ప 2'కు విజిళ్లు వేయడంలో ఏ లోటూ చేయలేదనుకోండి. ఆ మాటకొస్తే నంద్యాల ఖాతాలో ఉన్న అసలైన రికార్డు 1991 నవంబరు ఉప ఎన్నికది. హీరో పి.వి. నరసింహారావు. పాటల్లేవు, ఫైట్లు లేవు, హీరో నవ్వడం కూడా అరుదు. మెజారిటీ 5 లక్షల 80 వేలు.

ఇంక 2025 సంగతి. 'హరిహర వీరమల్లు' మార్చి 28 అన్నారు, మే 9 అన్నారు, జూన్ 12 అన్నారు, చివరికి జులై 24న తేలింది. ఖాళీగా మిగిలిన ఆ మే 9న ఎవరొచ్చారో తెలుసా? 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. సరిగ్గా 35 ఏళ్ల కిందట, 1990 మే 9న, ఆ సినిమా ఎండాకాలమని విడుదలైతే అదే రోజు కోస్తా మీద తుపాను విరుచుకుపడింది. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. వాన తెరిపిచ్చాక చూస్తే హాళ్ల ముందు జనం. ఇప్పుడు రీరిలీజ్‌లో తండ్రులు ఈలలు వేస్తుంటే పిల్లలు సిగ్గుతో తల దించుకున్నారు. ఉంగరం ఎక్కడ పోతుందో, ఇంద్రజ ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు, అయినా ఒక్కడు కూడా అంచనా తప్పిందని బయటికి రాలేదు. తర్వాత జులైలో 'మహావతార్ నరసింహ' అని బొమ్మల సినిమా వచ్చింది. హీరో లేడు, ప్రచారం లేదు. అహోబిలం నీడలో బతికే ఆళ్లగడ్డకు ఆ కథ కొత్తగా చెప్పేదేముంటుంది? జనం ఎగబడి చూశారు. మామ రెండోసారి కూడా వెళ్లొచ్చాడు. స్తంభం పగలడం ఒక్కటీ రాతి స్వభావం ప్రకారం లేదట, అది తప్ప ఆయనకు అంతా నచ్చింది.

చివరగా హాలు యజమానులకు ఒక మనవి. మా ఊళ్లో ఏ సినిమాను అడిగినా ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు అంటారు. దీనికి దర్శకులను తిడుతున్నాం గానీ కారణం వేరే ఉంది. నేను ఎప్పుడూ వెళ్లే హాల్లో ఫస్టాఫ్ అంతా ఏసీ వేస్తారు, ఇంటర్వెల్ కాగానే ఆపి ఫ్యాన్లు తిప్పుతారు. బయట 45 డిగ్రీలుంటే లోపల ఫ్యాను కింద చూసిన ఏ క్లైమాక్సయినా సాగదీసినట్టే ఉంటుంది. దయచేసి శుభం కార్డు దాకా ఏసీ ఆపకండి. తెలుగు సినిమాల్లో సగం సెకండాఫ్‌లు ఆ ఒక్క పనితో బాగుపడతాయి.